మోకాలి ఎక్స్‌రేతో చేసిన అచ్చు

నా చిన్నప్పుడు నాకు పని నేర్పిన మనిషిని తలుచుకొని చేతులెత్తి మొక్కాలని నాకెప్పుడూ అనిపించలేదు. మొక్కను కూడా. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నవి రెండున్నాయి, రెండూ నాతో చివరిదాకా వచ్చేటట్టే ఉన్నాయి, అందుకే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదువుకోండి.

సాగర్ కాలువ నీళ్ళొచ్చి మిర్యాలగూడలో మిల్లులు లేస్తున్న రోజులవి. మా అమ్మ ఒక మిల్లులో బియ్యం చెరిగేది. నాకు పదేళ్ళుంటాయి. ఆ మిల్లులో గోనె సంచుల మీద పేరు వేసే ముసలాయన ఉండేవాడు, అందరూ ముద్రల తాత అనేవాళ్ళు. అక్షరాలు కత్తిరించిన రేకును సంచి మీద పెట్టి పైన రంగు కుంచె అద్దితే మిల్లు పేరు పడేది. తాత చేతులు వణకడం మొదలైంది. మేస్త్రి నన్ను చూపించి, ఈ పిల్లకు నేర్పు అన్నాడు.

తాత నన్ను ఎగాదిగా చూశాడు. "గీ పొట్టిదానికా? సరే తియ్, ఏస్తది" అని రేకూ కుంచే నా చేతిలో పెట్టి, నింపి కుట్టేసిన సంచుల వరస చూపించి, పోయి గోడ నీడన చుట్ట ముట్టించుకున్నాడు. పొద్దంతా వేశాను. నిండిన సంచి పొట్ట ఉబ్బి ఉంటది. రేకు నడుమ ఆనుతది, అంచులు పైకి లేస్తయి. రంగు ఆ సందుల్లోకి పోయి పేరంతా అలుక్కుపోయింది. నాకు చదవడం రాదు కాబట్టి అది అట్లనే ఉంటదేమో అనుకున్నాను. సాయంత్రం మేస్త్రి చూసి పది మందిలో మా అమ్మను నోటికొచ్చినట్టు తిట్టాడు. అమ్మ ఇంటికొచ్చి నా వీపు పగలగొట్టింది.

మర్నాడు పొద్దున్నే పోయి చాటుగా చూశాను. తాత ఖాళీ సంచిని బండ మీద చదునుగా పరిచి ముద్ర వేస్తున్నాడు. బియ్యం నింపేది ఆ తర్వాత. నన్ను చూసి నవ్వాడు. "తెల్సిందా? ఇగ పో" అన్నాడు. ఆయన చెప్పిన పాఠం మొత్తం అంతే.

ఇగ నలభై ఏళ్ళ తర్వాతి సంగతి. తెలంగాణ రావడానికి మూడేళ్ళ ముందు, సూర్యాపేటలో ఒక చిన్న షెడ్డులో పనికి ఉన్నాను. బావి కాడి మోటారును ఇంట్లోంచి సెల్‌ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్లకు అక్కడ బోర్డులు తయారయ్యేవి. పొద్దున తాళం తీసి ఊడ్చేది నేనే, తర్వాత బల్ల దగ్గర కూర్చునేది నేనే. చీమ తలంత సామాన్లు బోర్డుకు అతకాలంటే ముందు వాటి చోట్లలో సోల్డర్ పేస్టు పెట్టాలి. బూడిద రంగులో జిగటగా ఉంటది, వేడి గాలి తగిలితే కరిగి అతుక్కుంటది. పళ్ళపుల్లతో చుక్క చుక్క పెట్టేవాళ్ళం. జర ఎక్కువైతే రెండు చుక్కలు కలిసి బోర్డు ఖరాబు.

ఈ పనికి ఇద్దరం. ఇంకొకామె కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చేది, ఐటీఐ చదివింది, నా బిడ్డ వయసు. మా ఇద్దరికీ పడేది కాదు. నేను హాజరు పుస్తకంలో అక్షరం అక్షరం కూడబలుక్కొని సంతకం పెడుతుంటే, "పెద్దమ్మా, మీరు కానివ్వండి, నేను ఈలోపు టీ తాగొస్తాను" అని అందరూ వినేటట్టు అనేది. నేనూ ఊరుకోలేదు. "నీ నోటికున్న వాడి నీ చేతికుంటే బోర్డులు మంచిగొచ్చేటివి" అనేదాన్ని. ఆమె మొగుడు మంచాన పడ్డాడనీ, ఇల్లు ఆమె మీదనే నడుస్తున్నదనీ నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఒక సోమవారం షెడ్డు నడిపే సేటు వచ్చి నిలబడి, "పేస్టుకు ఒక్కరు సాలు. శనివారం దాక సూస్త. ఎవరి బోర్డులు మంచిగుంటే ఆళ్ళుంటరు. రెండో ఆమె ఇగ రావద్దు" అన్నాడు.

నాకు ఇంకెవరు పనిస్తారు? తాత రేకు యాదికొచ్చి, ఇంటికి పోయి దవాఖానలో తీసిన నా మోకాలి ఎక్స్‌రే ఫిల్ము బయటికి తీశాను. బ్లీచింగ్ నీళ్ళలో నానేసి రుద్దితే నలుపు పోయి అద్దం లెక్క తేలింది. ఒక ఖాళీ బోర్డు మీద దాన్ని పరిచి, పేస్టు పడాల్సిన చోట్లు పెన్నుతో గుర్తు పెట్టి, బ్లేడు మొనతో రంధ్రాలు కోశాను. ఒక చెక్క మీద పాడైన బోర్డు ముక్కలు అతికించి నడుమ గూడు చేశాను, బోర్డు అందులో కదలకుండా కూర్చోవాలని. ఫిల్ము ఒక అంచును చెక్కకు టేపుతో బిగిస్తే తలుపు తెరిచినట్టు లేస్తది, మూసినట్టు పడుతది. పేస్టు లాగడానికి కొత్త సిమ్ము తగిలించి వచ్చే ప్లాస్టిక్ అట్ట సరిపోయింది.

మంగళవారం షెడ్డులో వేసి చూస్తే మొత్తం అలుక్కుపోయింది. ఆమె ముసిముసిగా నవ్వుకుంది. అలుక్కుపోయిన ఆ మరకను చూస్తూ కూర్చుంటే నాకు ఎలిగింది. మా షెడ్డులో మొదటి నుంచీ వైర్లు బిగించే పెద్ద దిమ్మను ముందు అతికేవాళ్ళు, చిన్నవి తర్వాత. దిమ్మ ఉంటే ఫిల్ము ఆనదు. నేను మళ్ళీ నిండిన సంచి మీదనే ముద్ర వేస్తున్నాను.

తాళం నా దగ్గరే ఉంది కదా. బుధవారం అందరికంటే ముందు వచ్చి ఖాళీ బోర్డులు తీసి పేస్టు లాగాను. అట్టతో ఒక్కసారి లాగితే అన్ని చుక్కలూ ముత్యాల లెక్క పడ్డాయి. చిన్నవి అతికి, దిమ్మలు చివర నేనే పెట్టేసి, ఏమీ ఎరగనట్టు చీపురు పట్టుకున్నాను. శనివారం దాకా రోజూ అట్లనే చేశాను.

ఆమె నా చెక్కను చూసి గురువారం తనూ ఒకటి చేసుకొచ్చింది. నిజం చెప్పాలి, ఆమెది నా దానికంటే మంచిగుంది, రంధ్రాలు స్కేలు పెట్టి కోసినట్టున్నాయి. కానీ దిమ్మలున్న బోర్డుల మీద వేస్తున్నది. శుక్రవారం నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "పెద్దమ్మా, నాదెందుకు అలుక్కుపోతోందో ఒక్కసారి చూడండి. నా మాటలు మనసులో పెట్టుకోకండి."

ఖాళీ బోర్డు మీద వెయ్ అంటే అయిపోయేది.

"సదువుకున్నదానివి. నువ్వే సూస్కో" అన్నాను. అని నవ్వాను. ముద్రల తాత దగ్గర నేను నేర్చుకున్న రెండోది అదే. అప్పుడు ఆయన చేతులు వణుకుతున్నయి, ఇప్పుడు నా మోకాళ్ళు పోయినయి. పదేళ్ళ పిల్లను చూసి ఆయనెందుకు భయపడ్డాడో నాకు ఆ రోజు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆయనను క్షమించలేదు.

శనివారం సేటు నా బోర్డులు అందరికీ చూపించి మెచ్చుకున్నాడు. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకొని, "ఉంటానండి పెద్దమ్మా" అని చెప్పి బస్సుకు పోయింది. నేనంత చేసినా ఆ మర్యాద ఎందుకిచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తన అచ్చును బల్ల మీదే వదిలేసి పోయింది. నెల తిరిగేసరికి నాది చినిగిపోయింది. ఆమెది తీసి నా చెక్కకు బిగించాను. షెడ్డు మూతపడేదాకా దానితోనే చేశాను. ఆ బోర్డులన్నీ ఆమె కోసిన రంధ్రాల్లోంచి వచ్చినవే. మంచి చెయ్యి అన్న పేరు మాత్రం నాకు వచ్చింది. ఆ ఫిల్ము ఇప్పుడు నా బట్టల పెట్టెలో అడుగున ఉంది. అడ్రసు తెలిస్తే పోయి ఇచ్చేదాన్ని అని అందరితో అంటుంటాను. కోదాడ బస్సు మా వీధి చివరనే ఆగుతది. ఒక్కసారి కూడా ఎక్కలేదు.