డాక్టరమ్మ పడవలో ముందు సీటు

నా దోసెల పెనం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పెనం వేడిగానే ఉంది కాబట్టి ఎక్కువసేపు పెట్టలేను, పెట్టినంతసేపు మాత్రం నిష్ఠగానే పెట్టాను. ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. సూరత్ అడాజన్‌లో మా టిఫిన్ సెంటర్‌కి వచ్చేవాళ్ళు ఈ వాక్యం చదివి నవ్వుకుంటారని నాకు తెలుసు. నేను చెప్పిన చేపలన్నీ తాపీ నదిలో ఉండి ఉంటే నీళ్ళకి చోటు మిగిలేది కాదని మా ఆవిడ సుజాతే అంటూ ఉంటుంది. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి.

వానలు తగ్గుముఖం పట్టాయని మొన్నామధ్య ఒక పొద్దున అటక మీది సంచి దించి లైఫ్ జాకెట్ బయటికి తీశాను. నారింజ రంగు ఎండకి వెలిసి బొప్పాయి ముక్కలా తయారైంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు బురద వాసన, తర్వాత చేప వాసన, ఆ రెండింటి అడుగున ఎన్నిసార్లు ఉతికినా వదలని లవంగనూనె వాసన. పళ్ళ డాక్టరు చేతుల నుంచి అంటిన వాసన అది. అది తగలగానే నాకు దుఃఖం రావాలి. కానీ ముందు అసూయ వచ్చింది. మిగతావి దాని వెనకాల నెమ్మదిగా వచ్చాయి.

డాక్టర్ సులోచన గారిది హనుమకొండ. భర్త ఉద్యోగం వల్ల సూరత్ వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే క్లినిక్ నడుపుకుంటూ ఉండిపోయారు. గుజరాతీలు డాక్టర్ బెన్ అనేవారు, మాకు డాక్టరమ్మ. మా అంగడి పొయ్యి దగ్గర నిలబడితే ఎదురుగా ఆమె బాల్కనీయే కనిపించేది. అరవైకి దగ్గర పడిన ఆ మనిషి ఒకరోజు కారు నెత్తిన పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవ కట్టించుకొని వచ్చారు. కయాక్ అంటారట. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కాళ్ళు చాపుకొని కూర్చుని, తెడ్లు వేసుకుంటూ వెళ్ళి గాలం వెయ్యాలి. సొసైటీ సెక్రెటరీ పరుగున వచ్చి, పార్కింగ్ గాడీలకి గానీ హోడీలకి, అంటే పడవలకి, కాదన్నాడు. "మీ బావమరిది స్కూటర్ ఏండ్లసంది కదలకుండ ఉంది. అది గాడీ అయితే నాది గూడ గాడీనే. నాది అప్పుడప్పుడన్న కదుల్తది," అన్నారు డాక్టరమ్మ, ఆయనకి హిందీలోనూ, పక్కన నిలబడ్డ నాకు తెలుగులోనూ. సెక్రెటరీ పంటికి ఆమె ఇంకా క్యాపు తొడగాల్సి ఉంది. పడవ పార్కింగులోనే ఉండిపోయింది.

పడవ దొరికినంత తేలిగ్గా తోడు దొరకలేదు. నదిలోకి ఒంటరిగా వెళ్ళనని ఆమె నియమం. సొసైటీ వాట్సాప్ గ్రూపులో అడిగితే అందరూ తెగ ఉత్సాహపడ్డారు. ఏ ఆదివారం, ఎన్నింటికి, తిరిగొచ్చేది ఎప్పుడు, పిల్లల్ని తీసుకురావచ్చా, పడవలో ఏసీ ఉండదా అని సాయంత్రం దాకా చర్చ నడిచింది. ఆమె గ్రూపులోంచే బయటికి వచ్చేశారు. "పొద్దందాక అపాయింట్‌మెంట్లేనయ్యా నాకు. నదికి పోవుడు గూడ అపాయింట్‌మెంటేనా?" అన్నారు నాతో. ఆ తర్వాత తనే ఒక పద్ధతి పెట్టుకున్నారు. మనసు పుట్టినప్పుడు నారింజ జాకెట్ బాల్కనీకి తగిలించేవారు. పడవని కారు మీద కట్టడం పూర్తయ్యేలోపు ఎవరు ముందు కిందికి వస్తే వాళ్ళది ముందు సీటు. ఎవరూ రాకపోతే జాకెట్ లోపలికి, పడవ కిందికి. ముందుగా చెప్పడం లేదు, అడగడం లేదు, ఎవరికీ ఫోన్ చెయ్యడం లేదు.

మొదటిసారి నేను పాల ప్యాకెట్ల కోసం వెళ్తూ అటు తిరిగాను. "ఏందయ్యా ప్రసాదు, పాలకా, చేపలకా?" అన్నారు. గోదావరి జిల్లావాణ్ణి, చేప అన్న మాట వింటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. పాల డబ్బులు వాచ్‌మన్ చేతిలో పెట్టి కారెక్కేశాను. ఆ రోజు మా అంగట్లో కాఫీ లేదు. ఆ రోజు నుంచి నా ఒక కన్ను పెనం మీద, ఒక కన్ను బాల్కనీ మీద. "దోసె తిరగేసేలోపు మాయమైపోతారు, ఆ జాకెట్‌తోనే కాపురం చెయ్యకూడదూ," అనేది సుజాత. ఒకసారి పై అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు నాకంటే ముందు దిగిపోయాడు. చాలాకాలం వాడి సాంబారులో ములక్కాడ ముక్క పడకుండా చూసుకున్నాను.

నదికి అడ్డంగా కట్టిన కాజ్‌వేకి ఎగువన గుర్రపుడెక్క లేని చోటు చూసి దిగేవాళ్ళం. పడవలో మాట్లాడనిచ్చేవారు కాదు. నేను నోరు తెరిస్తే వెనక నుంచి తెడ్డుతో వీపు మీద రెండు చుక్కల నీళ్ళు చల్లేవారు. మాటలన్నీ గట్టెక్కాక, ఫ్లాస్కులో టీ తాగేటప్పుడు. అప్పుడు నేను విజృంభించేవాణ్ణి. చిన్నప్పుడు మా కాలవలో నేను పట్టిన కొర్రమీను గురించి, అది గాలంతో పాటు మా మేనమామ చేతి గడియారాన్ని కూడా మింగి, లోపల టిక్కుటిక్కుమన్న సంగతి గురించి చెప్పాను. అందరూ ఇక్కడ నవ్వేస్తారు. ఆమె నవ్వలేదు. రోగి నోట్లోకి చూసినట్టు నా మొహంలోకి చూసి, "గాలి ఏ దిక్కు నుంచి ఉండె?" అన్నారు.

"గాలా? గాలెందుకండీ?"

"కాలువల గాలి లేకుండ ఉంటదా? ఏ దిక్కుకెల్లి?"

నేను నీళ్ళు నమిలాను. "పుచ్చింది. పీకెయ్," అన్నారు. టీ పూర్తి చేసి, ఫ్లాస్కు మూత బిగిస్తూ ఇంకో మాట చెప్పారు. "చేపను ఎంత పెద్దగనన్న చెయ్యి, నాకేం ఇబ్బంది లేదు. నీళ్ళు మాత్రం నిజం నీళ్ళుండాలె." నలభై దాటిన మనిషికి ఎవరూ కొత్తగా ఏదీ నేర్పరు. నాకు ఆమె ఆ ఒడ్డున కథ చెప్పడం నేర్పారు. ఆ తర్వాత నేను ఏది అల్లినా ముందు గాలి చూసుకునేవాణ్ణి, బురద రంగు చూసుకునేవాణ్ణి, ఎండ ఏ భుజం మీద పడుతోందో చూసుకునేవాణ్ణి. పీకెయ్ అనకుండా టీ తాగుతూ ఊరుకుంటే, ఆ రోజు దోసెలు కూడా గుండ్రంగా వచ్చేవి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున జాకెట్ కనబడగానే పరిగెత్తాను. పడవ ముక్కు పట్టుకుని ఎవరో సన్నటి మనిషి అప్పటికే నిలబడి ఉన్నాడు. పేరు మల్లేశం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఖటోదరాలో మగ్గాల మీద పనిచేస్తున్నాడు, ఉండేది ఉన్ అనే పేటలో. పన్ను పీకించుకోడానికి క్లినిక్‌కి వెళ్ళి, అక్కడ మూలన ఉన్న గాలపు కర్రని చూస్తూ అబ్బా అనడం కూడా మరిచిపోయాడట. ఆమెకి అది నచ్చింది. అయితే ఉన్ ఎక్కడ, అడాజన్ ఎక్కడ. ఊరి ఆ చివర ఉన్నవాడికి ఈ బాల్కనీ ఎలా కనబడింది?

"మేడం మిస్డ్ కాల్ ఇచ్చిన్రన్నా. డ్యూటీ దిగంగనే సీదా ఇటే వచ్చిన," అన్నాడు మల్లేశం.

మిస్డ్ కాల్. నేను ఎండలో, పొగలో, కళ్ళు కాయలు కాచేలా బాల్కనీకేసి చూస్తుంటే, అతనికి ఉన్నచోటికే కబురు. నియమం పెట్టిన మనిషే నియమం తప్పారు. డాక్టరమ్మ నా వైపు చూసి, "మళ్ళ వద్దువు తియ్యి ప్రసాదు," అని కారెక్కారు. ఆ పూట నేను వేసిన దోసెలన్నీ ఒక పక్క మాడాయి. ఇంకో పక్క కూడా మాడాయని సుజాత అంటుంది.

తర్వాత్తర్వాత ఆ సీటు సగం అతనిదైంది, సగానికి పైనే అని నా అనుమానం. నేను ఇడ్లీ పార్సిల్ ఇచ్చే నెపంతో కాజ్‌వే దాకా స్కూటర్ మీద వెళ్ళేవాణ్ణి. దూరంగా పసుపుపచ్చ చుక్కలా పడవ, అందులో కదలకుండా రెండు తలలు. అతని వీపు మీద ఆమె ఒక్కసారీ నీళ్ళు చల్లలేదు. నాకు కడుపు మండింది. ఒకరోజు అతను మా అంగట్లో ఉప్మా తింటుంటే అడిగేశాను.

"అంతసేపు ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ?"

"ఏం లేదన్నా."

"ఏమీ లేదా? గట్టెక్కాక కూడానా?"

"గట్టెక్కినంక చాయ తాగుతం. ఇంక జర చట్నీ వెయ్యున్రి."

"కొర్రమీను పడిందా?"

"కొర్రమట్టనా? ఒకటి పడ్డది. ఇడిసిపెట్టినం." పేరు కూడా నా పేరు కాదు. ఆమె కూడా కొర్రమట్టనే అనేవారు. ఇద్దరూ ఒకే నీటి మనుషులు, నేను బయటివాణ్ణి అనిపించింది. అతని చట్నీలో నీళ్ళు కలుపుదామా అని ఆలోచించి, సుజాత చూస్తోందని మానుకున్నాను.

ఇప్పుడు వాలుగ చేప సంగతి. మల్లేశానికి సెలవు దొరకని రోజది, సీటు నాది. ఎండ కుడి భుజం మీద పడుతోంది, గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. నా గాలం బెండు తేలినట్టే తేలి ఒక్కసారిగా మాయమైంది. తర్వాత పడవ కదిలింది. మేం తెడ్డు ముట్టుకోలేదు. మా ఇద్దరినీ, ఫ్లాస్కునీ, కారియర్‌నీ కలిపి అది ప్రవాహానికి ఎదురు లాక్కుపోయింది. గుర్రపుడెక్క మధ్య దారి చీలుతుంటే, నీళ్ళలో పడుకున్న గేదెలు తలలు తిప్పి మమ్మల్ని చూశాయి. ఒక్కసారి పైకి వచ్చింది. వెడల్పు నోరు, పొడవాటి మీసాలు, వెండి పక్క. నేను గాలపు కర్రని రెండు చేతులా పట్టుకున్నాను. డాక్టరమ్మ ముందుకి వంగి, నా భుజం మీదుగా చెయ్యి చాపి, చిన్న కత్తెరతో దారం కత్తిరించేశారు.

"ఎందుకండీ, ఎందుకు తెంపేశారు?"

"పడవ తిరగబడ్తె ఈత నీకు రాదు, నీకోసం దుంకే వయసు నాది కాదు," అని, నవ్వాపుకుంటూ, "ఇగ పోయి అందరికి చెప్పుకో. నిజమే చెప్పు. ఎవ్వడు నమ్మడు. ఇన్ని అబద్ధాలాడినందుకు నీకు అదే శిక్ష," అన్నారు. అన్నట్టే అయింది. ఆ వాలుగని ఇప్పటిదాకా ఒక్కరూ నమ్మలేదు.

ఆ తర్వాత ఆమె కుడి భుజం పట్టేసింది. తెడ్డు సంగతి అటుంచి పన్ను పీకడానికి కూడా చెయ్యి లేవడం లేదన్నారు. క్లినిక్ మూసి, హనుమకొండలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోతూ మమ్మల్నిద్దరినీ పిలిచారు. పడవ మల్లేశానికి ఇచ్చారు. నాకు జాకెట్ ఇచ్చారు. పడవ అతనికా అన్నట్టు చూశాను. "వాని రూంల పడవ పట్టదు. ఈడనే ఉంటది, నువ్వే చూసుకోవాలె," అన్నారు. అంటే కాపలా నాది, పడవ అతనిది. మర్యాదగా నవ్వాను. ఇంటికొచ్చి చాలాసేపు పప్పు రుబ్బాను.

పోయిన ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో మల్లేశం డ్యూటీ బట్టల్లోనే మా అంగటికి వచ్చి నిలబడ్డాడు. డాక్టరమ్మ పోయారు. నిద్రలోనే పోయారట. చెల్లెలు ఆమె ఫోనులో ఎక్కువగా కనిపించిన నంబర్లకి చేస్తూ పోతే మల్లేశం పేరు వచ్చింది. నా పేరు రాలేదు. నాకు ఆమె ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు మరి. చావు కబురు కూడా ముందు అతనికే. అంతటి దుఃఖంలోనూ ఆ ముల్లు నాకు గుచ్చుకుంది. చెబితే సిగ్గు, కానీ ప్రమాణం చేశాను కదా.

ఆ వారంలోనే ఒక పొద్దున, ఏమీ అనుకోకుండా, మా బాల్కనీకి జాకెట్ తగిలించాను. ఉన్‌కి కనబడదని తెలుసు. మల్లేశానికి మిస్డ్ కాల్ ఇచ్చాను. వచ్చాడు. అతను వెనక, నేను ముందు. మాట లేదు. కాజ్‌వే ఎగువన నీళ్ళు ఆకుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. గట్టెక్కి టీ పోసుకున్నాక అతను గ్లాసులోకి చూస్తూ, "మీకేందన్నా, మీరు పిలువకున్న వస్తుంటిరి. ఆమె జాకెట్ తగిలిచ్చేదే మీ పొయ్యి దిక్కు. నన్నయితే పిలుస్తెనే వస్తనని కాల్ చేస్తుండె," అన్నాడు. ఆ మాటతో నా కడుపులో మంట చల్లారింది.

ఇంతదాకా చదివినవాళ్ళు ఏది అబద్ధమని వెతుకుతారో నాకు తెలుసు. వాలుగ దగ్గర ఆగుతారు. వాలుగ నిజం. గేదెలు నిజం. కత్తెర నిజం. నేను అల్లింది ఆ చివరి మాట ఒక్కటే. మల్లేశం ఆ రోజు గట్టు మీద అలా ఏమీ అనలేదు, టీ తాగి గ్లాసు కడిగి ఇచ్చాడంతే. నాకు ఆ మాట కావలసి వచ్చింది, ఎవరూ అనలేదు, నేనే అతని నోట్లో పెట్టాను.

మొన్న ఇదంతా రాసి, పడవ కడుగుతున్న మల్లేశానికి చదివి వినిపించాను, అతని పేరు వాడుకున్నాను కాబట్టి. అంతా విన్నాడు. తను అనని ఆ మాట దగ్గర కూడా కాదనలేదు. గుడ్డ పిండుకుంటూ, "ఆ దినం గట్టు మీద గాలి ఏ దిక్కు నుంచి ఉండె అన్నా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆమె నన్ను ఒక్కణ్ణే అడిగేవారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. గట్టెక్కినంక చాయ తాగుతం అని అతను అన్నప్పుడే నాకు అర్థం కావలసింది, ఆమె ప్రశ్నలన్నీ ఆ చాయ దగ్గరే కదా. మళ్ళీ కడుపు మండింది.

"సముద్రం దిక్కు నుంచే," అన్నాను. అది మాత్రం నిజమే.