పేజీ కింది సగం

ప్రొఫెసర్లంటే నాకు పెద్దగా భక్తి లేదు. వాళ్ళ ప్రయాణ బిల్లులు చూసే ఉద్యోగం ఎవరికిచ్చినా ఆ భక్తి ఏడాదికి మించి నిలవదు. నా ఎదురు బల్ల దగ్గర కూర్చునే ఆవిడకు మాత్రం వాళ్ళంటే ఎందుకో జాలి. మా యూనివర్సిటీలో మాస్టార్ల పరిశోధనలకు బయటి సంస్థల నుంచి నిధులు తెచ్చిపెట్టే విభాగం ఒకటుంది. విభాగమంటే మేమిద్దరమే. రెండో అంతస్తులో, జిరాక్స్ గది పక్కన మా గది. కిటికీ తీస్తే సైకిల్ స్టాండు. నిధులు వచ్చాక ఖర్చులు చూసేది నేను. వచ్చేదాకా మాస్టార్ల వెంటపడేది ఆవిడ. ఏ సంస్థ దేనికిస్తుందో వెతికి చెప్పడం, దరఖాస్తు రాయించడం, డీన్ చేత సంతకం పెట్టించడం, ఆఖరి రోజు దాటకుండా పంపించడం ఆవిడ పని. గడువు దగ్గర పడితే చెవిలో జోరీగలా వదలదు. అందుకే క్యాంపస్ అంతా ఆవిడకు గడువక్క అని పేరు పెట్టింది. ఎదురుపడితే మాత్రం 'మేడమ్' అంటారు.

గడువక్కకు తనదైన పద్ధతి ఒకటుంది. మాస్టారు రాసిచ్చిన దరఖాస్తును ఇంటికి తీసుకెళ్ళి, సాయంత్రం వరండాలో అత్తగారి ఎదురుగా కూర్చుని పైకి చదువుతుంది. భర్తకు ప్రింటింగ్ ప్రెస్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా డ్యూటీ, పిల్లలు లేరు, ఆ వేళకు ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళే. అత్తగారు ఎక్కడ కునుకు తీస్తే అక్కడ కాగితం అంచున పెన్సిల్‌తో 'ని' అని రాస్తుంది. 'ని' అంటే నిద్ర. మర్నాడు ఆ మాస్టారిని పిలిచి, "సార్, మా అత్తయ్య ఇక్కడ పడుకున్నారు. నిధులిచ్చే కమిటీవాళ్ళు కూడా ఇక్కడే పడుకుంటారు. తీసేయండి" అంటుంది.

మొదట్లో ఎగిరెగిరి పడినవాళ్ళు కూడా నిధులొచ్చాక నోరెత్తలేదు. చివరికి క్యాంటీన్లో మాస్టార్లు ఒకరినొకరు, "మీకెన్ని నిద్రలు పడ్డాయండీ?" అని పలకరించుకునే దాకా వచ్చింది. డీన్ సంతకం కన్నా అత్తగారి మెలకువే గొప్పదైపోయింది.

ఆ అత్తగారు సామాన్యురాలేం కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. 'హలో' అన్న గొంతు వినగానే అది ఎవరి గొంతో, ఆ మనిషికి జలుబు చేసిందో లేదో కూడా చెప్పేసేదట. ఈ మధ్యనే బయటికి రావడం తగ్గించింది, నలుగురిలో కూర్చోవడం మానేసింది. వయసు కదా అనుకున్నారు ఇంట్లో.

ఇక చెవుల మాస్టారి సంగతి. వయసు మీదపడ్డవాళ్ళకు వినికిడి ఎందుకు తగ్గుతుందన్నది ఆయన పరిశోధన. మనిషి మెత్తన, గట్టిగా తుమ్మినా క్షమించమంటాడు. ఆయన ల్యాబంటే చప్పుడు చొరబడని చిన్న గది, ఒక పాత యంత్రం, పరీక్షలు చేసే ఇద్దరమ్మాయిలు. పాత నిధి అయిపోవస్తోంది. కొత్తది రాకపోతే ఆ అమ్మాయిలిద్దరూ ఇంటికి, గది పక్క విభాగానికి. అప్పటికే ఒకసారి దరఖాస్తు తిరిగొచ్చింది. 'వినపడనివాళ్ళు ఆ సంగతి ఏళ్ళ తరబడి ఎందుకు దాచుకుంటారో మీరు ప్రస్తావించనే లేదు' అని కమిటీ కారణం రాసింది.

నిజానికి మాస్టారు ప్రస్తావించారు. రెండో పేజీ అడుగున దాని గురించి పెద్ద పేరా ఉండేది. దాని పక్కన 'ని' పడింది, ఆయన కొట్టేశారు. నాకు ఒళ్ళు మండి, "అత్తగారు కునుకు తీస్తే పేరా కొట్టేయడమేంటి సార్?" అని అడిగాను. ఆయన మెల్లగా, "ఆవిడకే విసుగు పుట్టించానంటే నేను సరిగ్గా రాయలేదనేగా" అన్నారు. ఇలాంటివాళ్ళకు సాయం చేయడం కన్నా గోడకు చెప్పుకోవడం నయం.

మళ్ళీ పంపడానికి ఒక్క అవకాశమే మిగిలింది. ఆ వారంలోనే గడువక్క మెట్ల మీద జారి, కాలు బెణికి ఇంట్లో పడింది. గడువు ఇంకో రెండ్రోజులుందనగా మాస్టారు కొత్త ప్రతి పట్టుకుని స్వయంగా వాళ్ళింటికి వెళ్ళారు. అక్కడ జరిగింది మర్నాడు పొద్దున కాగితాల కోసం వెళ్ళినప్పుడు ఆవిడే నాకు చెప్పింది. చెబుతూ మధ్య మధ్య కళ్ళు తుడుచుకుంది.

మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, అలవాటు ప్రకారం అత్తగారి ఎదురుగా పీట వేసుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ పై సగం అత్తగారు కళ్ళార్పకుండా వింది, తలూపింది. కిందికి వచ్చేసరికి కళ్ళు మూసింది. పేజీ తిప్పగానే మళ్ళీ తెరిచింది. రెండో పేజీ అడుగున, ఈసారి మాస్టారు ధైర్యం చేసి తిరిగి రాసుకొచ్చిన అదే పేరా దగ్గర, మళ్ళీ మూసింది. గడువక్క ఉసూరుమంటూ పెన్సిల్ తీసింది.

"ఆగండి మేడమ్," అన్నారు మాస్టారు. "ఆ కాగితం కిందికి దించి చదవండి. మీ మొహానికి అడ్డం రాకుండా."

గడువక్కకు చూపు తక్కువ. మొదట కాగితం గడ్డం కిందే పట్టుకుంటుంది, చదువుతూ కిందికి వచ్చేకొద్దీ ఆ వరుసలు కళ్ళకు ఆనేందుకు దాన్ని పైపైకి ఎత్తుతుంది. సగం దాటేసరికి నోరు పూర్తిగా కాగితం వెనక్కి పోతుంది. ఆయన చెప్పినట్టు దించి, అదే పేరా మళ్ళీ చదివింది. అత్తగారు కళ్ళు తెరిచి, ఆఖరి మాట దాకా కోడలి పెదవులనే చూస్తూ కూర్చుంది.

మాస్టారు లేచి పెద్దావిడ కుర్చీ వెనక్కి వెళ్ళి, "అమ్మా, కాసిని మంచినీళ్ళిప్పిస్తారా?" అని మామూలు గొంతుతో అడిగారు. ఆవిడ కదల్లేదు. మరి కాస్త గట్టిగా అడిగారు. ఆవిడ చిరునవ్వుతో కోడలినే చూస్తోంది. గడువక్క చేతిలోని పెన్సిల్ పక్కన పెట్టేసింది.

గేటు దాకా కుంటుకుంటూ వచ్చి, "మీ పేరా కొట్టేయించింది నేనే సార్. ఆవిడ పడుకోలేదు, వినపడలేదు. మీ ల్యాబు పోతే ఆ పాపం నాదే" అందట.

"చెవుల మీదే బతుకుతున్నవాణ్ణి, నాకే తట్టలేదు. దీపం కిందే చీకటి మేడమ్," అన్నారట ఆయన. "పేరా సంగతి తర్వాత. ముందు ఆవిడతో మాట్లాడండి. అరవకండి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి."

లోపలికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, ఎప్పటి నుంచి?"

పెద్దావిడ బుకాయించలేదు. "రెండు మూడేళ్ళయిందేమో. మొదట్లో నిజంగానే నిద్రపోయేదాన్ని. నీ మాస్టార్లు అలా రాసేవాళ్ళు మరి."

"నాకెందుకు చెప్పలేదు? ఫోన్లలో బతికిన మనిషినని నామోషీయా?"

"అది కొంత." కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "వినపడదని తెలిస్తే నాకు చదవడం మానేస్తావుగా అమ్మాయ్. పొద్దంతా ఒక్కదాన్నే ఉంటాను. సాయంత్రం అయితే నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చుంటావు. నువ్వేం చదివితే నాకెందుకు? నోరు కనపడినంతసేపు చూస్తాను, కనపడకపోతే కళ్ళు మూసుకుంటాను."

ఇది చెప్పి గడువక్క నా ముందే ఏడ్చింది. నేనే లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను, బిల్లులు చూసేవాడు మంచినీళ్ళు తేకూడదని ఎక్కడా లేదు. తేరుకున్నాక ఆవిడకు ఇంకో బెంగ పట్టుకుంది. ఈ రెండు మూడేళ్ళలో ఎంతమంది మాస్టార్ల పేరాలు తన మాట మీద పోయాయోనని. నేను ఆఫీసుకొచ్చి ఆ రెండు మూడేళ్ళ ప్రతులు తీసి చూస్తే నిజమే, 'ని'లన్నీ పేజీ కింది సగంలోనే ఉన్నాయి. ఇంతకాలం ఒక్కరమూ గమనించలేదు. ఫోన్లో ఆవిడకు ఆ మాటే చెప్పి, "మన మాస్టార్లు రాసేదాంట్లో ఏ సగం తీసేసినా లాభమే, బెంగపడకండి" అన్నాను. నవ్వింది, కానీ ఆ మధ్యాహ్నమే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పి క్షమించమని అడిగింది. అడగకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. నేనైతే అడిగేవాణ్ణి కాను.

చెవుల మాస్టారి పేరా రెండో పేజీ అడుగు నుంచి మొదటి పేజీ మొదటికి ఎక్కింది. దానికి ముందు, 'వినపడదని తెలిస్తే నాకు చదవడం మానేస్తావుగా' అన్న మాటను యథాతథంగా పెట్టారు. పెద్దావిడ సమ్మతి గడువక్కే తీసుకుంది.

"రాసుకోమను. నా పేరు మాత్రం వద్దు. ఎక్స్ఛేంజిలో నాతో చేసినవాళ్ళు నవ్వుతారు," అందట.

డీన్ సంతకానికి నేనే పరిగెత్తాను. గడువు రోజు మధ్యాహ్నానికి దరఖాస్తు వెళ్ళిపోయింది. వానలు వెలిశాక కబురొచ్చింది, నిధులు మంజూరయ్యాయని. ఆ ఇద్దరమ్మాయిలు ల్యాబులోనే ఉన్నారు. మొట్టమొదట వాళ్ళు పరీక్ష చేసి చెవి మిషన్ అమర్చింది పేరు పెట్టొద్దన్న పెద్దావిడకే.

ఆ సాయంత్రం చూడ్డానికి నేనూ వెళ్ళాను. గడువక్క ఫిజిక్స్ మాస్టారి దరఖాస్తు ముందేసుకుని, కాగితం బాగా కిందికి దించి, పాత అలవాటు కొద్దీ గొంతు చించుకుని చదువుతోంది.

"అరవకే, వినపడుతోంది," అంది అత్తగారు. గడువక్క గొంతు తగ్గించింది. రెండో పేజీలోకి వచ్చేసరికి పెద్దావిడ రెప్పలు వాలుతున్నాయి. కోడలు చదవడం ఆపి, కంగారుగా ఆవిడ చెవి వైపు చూసింది.

"వినపడుతోందమ్మాయ్. ఇవాళ నిజంగానే నిద్రొస్తోంది," అంది ఆవిడ కళ్ళు మూసుకునే. "నువ్వు మాత్రం ఆపకు."