తల్లిదండ్రుల కోరిక మేరకు

2023 మార్చి. మదనపల్లెలోని మా బడిలో తొమ్మిదో తరగతి పరీక్షలు ఇంకా మొదలు కాలేదు. అయినా ఎవరు పదికి వెళ్లకూడదో హెడ్మాస్టరు గదిలో తేలిపోయింది.

నేను క్యాథలిక్ బ్రదర్‌ని. ఫాదర్‌ని కాను, పూజ చేయను, పాపాల ఒప్పుకోలు వినను. పెళ్లి, ఆస్తి, సొంత ఇష్టం వదులుకుంటానని మాటిచ్చి, ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. ఆ మూడో మాట, అంటే పెద్దలు చెప్పింది చేయడం, పిరికివాడికి ఎంత సౌకర్యమో ఆ మార్చిలోనే తెలిసింది.

నూటికి నూరు శాతం ఫలితం అని గేటుకు బ్యానరు కట్టే కొన్ని బడులు దాన్నెలా తెస్తాయో చెబుతాను. పదిలో తప్పేలా ఉన్న పిల్లలకు తొమ్మిదిలోనే టీసీ, అంటే బడి మారేందుకిచ్చే కాగితం, చేతిలో పెట్టి పంపేస్తారు. అందులో ‘బడి మానడానికి కారణం’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ ‘తల్లిదండ్రుల కోరిక మేరకు’ అని రాస్తారు. చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు.

ఆ ఏటి జాబితాలో ఉన్న రెడ్డెమ్మ, సిస్టర్ల హాస్టల్లో ఉండి చదివేది. వాళ్ల నాన్న వెంకటప్పది పుంగనూరు దగ్గర పల్లె. గొర్రెల మందను తమ్ముడికి అప్పగించి మొదటి బస్సుకే వచ్చాడు.

“బిడ్డ ఫెయిలయినాదా సామీ?”

“ఇంకా పరీక్షే కాలేదప్పా.”

“మరి యాల పంపిస్తాండారు?”

“వేరే బళ్లో అయితే సులభంగా పాసవుతుంది.”

అతను కాగితాన్ని కూతురి చేతికిచ్చి చదవమన్నాడు. “నువ్వే కోరినావని రాసినారు నాయినా,” అంది రెడ్డెమ్మ.

“నేనేం కోరినాను? సదివించమనే కదా కోరినాను! మీ మాట నా నోట్లో పెడతాండారే సామీ!”

నేను సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాను.

జూలైలో టమోటా మార్కెట్ యార్డులో కాయలు ఏరుతూ కనిపించింది రెడ్డెమ్మ.

“ఏ బళ్లో చేరినావమ్మా?”

“యాడా చేరలేదు బ్రదర్. బళ్లోంచి పంపించేసినారంటే ఏదో తప్పు చేసుంటాదని ఊళ్లో అన్నారు. నాయిన మాన్పించేసినాడు.” పగిలిన కాయ ఒకటి తీసి నాకు చూపించింది. “దీన్ని గూడా పారెయ్యము, సూడండి. వేరే బాక్సులో పెడతాము.”



ఆ తర్వాత నన్ను కుప్పానికి బదిలీ చేశారు. అక్కడా మార్చి వచ్చింది, జాబితా వచ్చింది. ఆరు పేర్లు. ఆరు టీసీలూ రాసి, కారణం గడిలో ఒకే వాక్యం నింపాను: ‘ఈ విద్యార్థి పదిలో తప్పితే బడికి నూరు శాతం రాదని.’

హెడ్మాస్టరు మండిపడ్డాడు. “ఏంది బ్రదర్ ఇది? దీనికి నేను సీలు వెయ్యాలనా?”

“నిజమే కదా, వెయ్యండి.”

“పెద్దల మాట వింటానని ప్రమాణం చేసినారు, మరిచిపోయినారా?”

“రాయమన్నారు, రాసినాను.”

సీలు పడలేదు. ఆరుగురూ ఆ బళ్లోనే ఉండి మరుసటి ఏడాది పది పరీక్ష రాశారు. ఇద్దరు తప్పారు, వారిలో ఒకరు సప్లిమెంటరీలో గట్టెక్కారు. ఆ ఏడాది బ్యానరు కట్టలేదు. గేటేమీ కూలిపోలేదు.

రాయమన్నది ఎవరైనా, రాసిన చేయి నాది. ఈ పాటి సంగతి నాకు తెలిసిరావడానికి ఒక పిల్ల చదువు పోవలసివచ్చింది. ఇప్పటికీ ఏ గేటుకైనా నూరు శాతం బ్యానరు కనిపిస్తే ఒళ్లు మండుతుంది. ఆగి, లోపలికి వెళ్లి అడుగుతాను. పదిలో ఎంతమంది పాసయ్యారని కాదు, తొమ్మిదిలో ఎంతమంది ఉండేవారని.