పద్నాలుగో గుంటలో ఆరు దెబ్బలు

గార్నెట్ మెకిల్రోయ్‌ని టామరాక్ ఫాల్స్‌లో మెచ్చుకునేవాళ్లు తక్కువ, చూసి పక్క సందులోకి తప్పుకునేవాళ్లు ఎక్కువ. ముప్పై ఏళ్లు కొట్లలో తూకాలు తనిఖీ చేసే ఉద్యోగం వెలగబెట్టి, రిటైరయ్యాక మనుషుల్ని తూచడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం రెండుంబావు అయ్యేసరికి టీవీ ముందు ఉండాలి. రాజధాని ఒట్టావాలో, పార్లమెంటులో ప్రతిపక్షం అడిగే ప్రశ్నలకు మంత్రులు నీళ్లు నములుతుంటే ఆయన కడుపు నిండేది. సాయంత్రానికి ఊరి వారపత్రికకు ఉత్తరం తయారు. ఎవరో ఒకరు రాజీనామా చెయ్యాలి, అంతే.

రెండో పిచ్చి గోల్ఫ్. ఆరేళ్ల కిందట పద్దెనిమిది గుంటల్లోనూ బంతి వెయ్యడానికి నూట పదిహేను దెబ్బలు పట్టేవి. ఆ ఆటలో ఎంత తక్కువ కొడితే అంత గొప్ప. మంచు కురిసే ఐదు నెలలూ ఇంటి కింది గదిలో తివాచీ మీద టీ కప్పు పడుకోబెట్టి, అందులోకి బంతి దొర్లించేవాడు. పైన వంటింట్లో భార్య వెర్నాకు ఒక చెవిలో టీవీలోని సభ స్పీకర్ అరుపులు, ఇంకో చెవిలో కప్పు టంగుమనే చప్పుడు.

"ఏమయ్యా, ఆ కప్పు పగిలితే నువ్వు రాజీనామా చేస్తావా?" అనేది మెట్ల మీంచి.

"నవ్వు, నవ్వు. క్లబ్బు గోడ మీద నా పేరెక్కిన రోజున నవ్వుదువుగాని."

అదీ ఆయన ఆశ. అరవై అయిదు దాటినవాళ్లకు సెప్టెంబరులో ఒక కప్పు పోటీ ఉంటుంది. గెలిచినవాడి పేరు ఓక్ చెక్క మీద బంగారు రంగుతో రాస్తారు. ఆయన నాన్న పేరు ఆ చెక్క మీద రెండుసార్లుంది. ఇంత వయసొచ్చినా చెక్క ముందు నుంచి నడిచేటప్పుడు గార్నెట్ తల దించుకునేవాడు. ఇంకొకళ్లయితే జాలిపడేదాన్ని అని వెర్నా ఒకసారి చెల్లెలితో అంది.

ఆటకు తోడు బాసిల్ డూలన్. పన్నెండేళ్లు పట్టణ సభ సభ్యుడిగా ఉన్నవాడు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కోసం గుమాస్తా తెచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాడు. ఊరికి రెండింతలు ఉప్పు వచ్చిపడింది. పైసా తినలేదు పాపం, బద్ధకించాడంతే. గార్నెట్ ఊరుకుంటాడా? "చదవకుండా సంతకం పెట్టిన చెయ్యి ఏ పదవికీ పనికిరాదు. నమ్మాననడం సాకు, జవాబు కాదు" అని పత్రికలో ఉతికి ఆరేశాడు. ఆ ఎన్నికల్లో బాసిల్ ఓడిపోయాడు. ఆ మరుసటి గురువారం కర్రల సంచీ భుజానేసుకుని మామూలుగా వచ్చి, "వానొస్తుందంటావా?" అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాడు గార్నెట్. మంత్రుల మనసుల్లో ఏముందో చెప్పగలడు గాని, పక్కన నడిచేవాడి మనసు మాత్రం ఆయనకు అందలేదు.

ఈ సెప్టెంబరు గురువారం పోటీ. ఆ పొద్దున్నే గార్నెట్ కొత్త ఉత్తరం అచ్చయింది. ఎవరో మంత్రి చదవకుండా ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాడట. పాత వాక్యాన్నే దుమ్ము దులిపి మళ్లీ వాడాడు. ఆ మధ్యాహ్నం మంత్రి సభలో దొరికిపోతాడని ఆయన ఆత్రం.

ఆ రోజు చెయ్యి ఎలా పట్టిందో, బంతి చెప్పినట్టు వింది. పద్నాలుగో గుంట దగ్గర మాత్రం ఇసుకలో పడి, తియ్యడానికి రెండు దెబ్బలు పట్టాయి. ఆ ఆటలో నీ లెక్క నీ తోటివాడు రాస్తాడు. చివర్న నువ్వు చూసుకుని సంతకం పెట్టాలి. అన్నీ ముగిసేసరికి రెండు దాటింది. బాసిల్ లెక్క రాసిన అట్ట చేతికిచ్చాడు.

"గుంట గుంటా చూసుకుని పెట్టరా."

"నీ రాత నాకు తెలీదా? ఇటివ్వు, అవతల మంత్రి లేస్తాడు," అంటూ గార్నెట్ గోడకు ఆనించి సంతకం గీకి, క్లబ్బు టీవీ దగ్గరికి పరుగెత్తాడు.

ఎనభై ఆరు! తర్వాతివాడిది తొంభై. సాయంత్రం విందుకల్లా పెయింటరు పేరు రాసేశాడు. నాన్న పేరుకు ముప్పై వరసల కింద. గార్నెట్ కప్పు పట్టుకుని, తల ఎత్తి చెక్క ముందు నిలబడ్డాడు. వెర్నా కళ్లు తుడుచుకుంది. అప్పుడు లేచాడు బాసిల్, జేబులోంచి పత్రిక ముక్క తీసి.

"చదవకుండా సంతకం పెట్టిన చెయ్యి ఏ పదవికీ పనికిరాదు," అని నిదానంగా చదివాడు. "పద్నాలుగో గుంటలో అయిదని రాశాను. ఎన్ని కొట్టావురా?"

క్లబ్బు కార్యదర్శి నోరీన్ అట్ట తెప్పించింది. "ఎన్ని, గార్నెట్?"

అయిదే అనొచ్చు. చూసినవాడు బాసిల్ ఒక్కడే. గార్నెట్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ఆరు," అన్నాడు. వెంటనే, "వాడు రాశాడు... నేను నమ్మాను," అన్నాడు.

"మంత్రిగారు కూడా మధ్యాహ్నం అదే అన్నాడుగా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. బల్లలు అదిరిపోయేలా నవ్వారు. పందొమ్మిదేళ్లుగా ఆయన ఉత్తరాలు భరించినవాళ్లు మరి.

"నిబంధన నిబంధనే. ఉన్నదానికంటే తక్కువకు సంతకం పెడితే పోటీలోంచి బయటికే," అంది నోరీన్. "తెలిసి తప్పు రాసినందుకు నువ్వూ బయటికే, బాసిల్."

"తీసెయ్యండి. నాది నూట నాలుగు," అన్నాడు బాసిల్, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

నోరీన్ కప్పు కోసం చెయ్యి చాచింది. గార్నెట్ వేళ్లు వదలకపోతే ఒక్కొక్కటే విడదీయాల్సివచ్చింది. "ఆరని రాసినా ఎనభై ఏడే," అందావిడ, ఓదార్పు అనుకుని. "అప్పుడూ నువ్వే గెలిచేవాడివి."

మర్నాడు చెక్క మీద పేరు చెరిపేశారు. తడి ఆరేదాకా ఆ వరస ఖాళీగా ఉంది, ఆరాక తొంభై కొట్టినవాడి పేరెక్కింది. మళ్లీ వారం వెర్నా టీ తెచ్చేసరికి గార్నెట్ టీవీ ముందే ఉన్నాడు, చేతిలో కర్ర లేదు. తెర మీద ఆ మంత్రి లేచి, అధికారులు తెచ్చారు, నమ్మాను అన్నాడు. అతని పక్షంవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"వీడింకా పదవిలో ఉన్నాడే!" అంది వెర్నా.

"ఉంటాడు," అన్నాడు గార్నెట్.