బాబాయి టేపు కొలత

బాబాయి దర్జీ. ఎవరి ప్యాంటు బిగుతైందో నడక చూసి చెప్పేస్తాడు. తనది బిగుతైన సంగతి మాత్రం ఏడాది దాచాడు. ఎడమ వృషణం గట్టిగా వాచింది, నొప్పి పెద్దగా లేదు. మెషీన్ తొక్కీ తొక్కీ వచ్చిన వరిబీజం అనుకుని, ప్యాంట్లన్నిటికీ కుట్లు విప్పి, మధ్యలో గుడ్డ అతుకు వేసి వదులు చేసుకున్నాడు. ఉతికేటప్పుడు ఆ అతుకులూ, వాపు చితికి వాటి మీద కారిన చీము మరకలూ చూసి పిన్ని పట్టుకుంది.

కాలేజీ మానేసి ఖాళీగా ఉన్నది నేనే కాబట్టి ఆస్పత్రికి తిప్పే పని నాకు పడింది. మొదటి డాక్టరు మామూలు ఇన్‌ఫెక్షనని రెండు నెలలు మందులు మింగించాడు. రెండో ఆయన క్యాన్సరేమోనని స్కాన్ తీయించాడు. చివరికి ఒక డాక్టరమ్మ చీమును పరీక్షకు పంపి తేల్చింది: టీబీ.

"నాకు దగ్గే లేదు కదండీ," అన్నాడు బాబాయి.

"ఊపిరితిత్తుల్లోనే రావాలని లేదండీ. ఆరు నెలలు మాత్రలు వేసుకోండి, ఒక్కరోజు మానొద్దు. లొంగకపోతే వృషణం తీసేయాలి."

పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. బాబాయి ఆ రాత్రే మాత్రలు మొదలెట్టాడు. మర్నాడు మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమనుకుని బాత్రూంలోంచి నన్నే కేకేశాడు. అది మాత్రల రంగేనని తలుపు బయట నుంచి అరిచి అరిచి నా గొంతు పోయింది.

మూడో నెలకి వాపు తగ్గింది. బాబాయి టేపు పెట్టి కొలుచుకున్నాడు. పాత కొలతే. అంతే, అతుకులు విప్పేశాడు, మాత్రలూ ఆపేశాడు. కొలత కుదిరాక ఇంకేం పని అనుకున్నాడట. ఐదు వారాలకు మళ్లీ చీము.

"కొలతలు బట్టలకి చూడండి. క్రిముల సంగతి నాకొదిలేయండి," అంది డాక్టరమ్మ. మళ్లీ పరీక్షలు, మళ్లీ మొదటి మాత్ర నుంచి. బాబాయి మళ్లీ అతుకులు వేసుకున్నాడు.

ఈసారి పిన్ని రోజూ ఎదురుగా నిలబడేది.

"మింగండి. నోరు తెరవండి."

"నేనేమన్నా చంటోణ్ణా?"

"చంటోడైతే చెప్పిన మాట వినేవాడు."

ఆ మాట అనేశాక పిన్ని నీళ్ల గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆరు నెలలూ అయ్యాయి. కోత అక్కర్లేదంది డాక్టరమ్మ. పిల్లల గురించి అడిగితే, వీర్యం వచ్చే నాళాలు మూసుకుపోయి ఉండొచ్చు, పరీక్ష చేస్తేగానీ చెప్పలేనని చీటీ రాసిచ్చింది.

దర్జీ కొట్టుకి వచ్చాక బాబాయి టేపు మెడలో వేసుకుని మెషీన్ ముందు కూలబడ్డాడు.

"ఇంక ఆ అతుకులు విప్పేయ్ బాబాయ్."

"ఉండనీరా," అన్నాడు, చీటీ జేబులో పెట్టుకుంటూ. "డాక్టరమ్మ చెప్పాక విప్పుతా."