నా రైఫిల్‌కి ఎంత బ్యారెల్ కావాలో ఆయన చెప్పాడు

ఉడుతల వేటకు చిన్న రైఫిల్ కొనుక్కుందామని ఈ రోజు ఇక్కడి ట్రాయ్ ఊళ్లో ఒక గన్ షాప్‌కి వెళ్లాను. జన్మలో తుపాకీ ముట్టుకోని మా ఆయన తోడొచ్చాడు. గురి కదలకుండా ఉండాలంటే నాకు పొడుగు బ్యారెల్, ముందువైపు కాస్త బరువు ఉండాలి. షాపతను నన్ను వదిలేసి, మేడమ్‌కి ఏ సైజు కావాలని ఆయన్ని అడిగాడు. ఈయన తడుముకోకుండా పొట్టిదే చూపించమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నన్నడక్కుండా నువ్వెలా డిసైడ్ చేస్తావ్?"

"పొడుగుది హెవీగా ఉంటుంది కదా, నువ్వు మొయ్యలేవు," అన్నాడు.

పొడుగుదే కొన్నాను. తిరిగొస్తూ సోనా మసూరి బస్తా తీసుకున్నాం. ప్రతిసారీ దాన్ని కార్‌లోంచి దించి వంటింట్లో పెట్టేది నేనే. మీ ఇళ్లలో బియ్యం బస్తా ఎవరు మోస్తారో చెప్పండి. మాది ఇంకా కార్‌లోనే ఉంది.