షికాగో రైల్లో గాజువాక సైరన్

షామ్‌బర్గ్ నుంచి షికాగో వెళ్లే రైల్లో నా ఫ్రెండ్‌కి స్కూలు కబుర్లు చెబుతున్నాను. మాది గాజువాక. అక్కడ ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఫ్యాక్టరీ డ్యూటీలో ఉండేవారు. ఏడో తరగతిలో, లెక్కల పరీక్ష తప్పించుకోవడానికి ఖాళీ నీళ్ల డ్రమ్ములో తలపెట్టి ప్రమాద సైరన్‌లా కూశాను. పరీక్ష ఆగిపోయింది. నా కళాజీవితంలో అదే పెద్ద హిట్.

ముందు సీట్లోని ఆంటీ గిరుక్కున వెనక్కి తిరిగారు.

"ఆ కూసింది నువ్వా? లెక్కల మాస్టారు మా నాన్నే. మా అన్నయ్య అప్పుడు డ్యూటీలో ఉన్నాడు. నాన్న చెప్పుల్లేకుండా ఫ్యాక్టరీ గేటు దాకా పరిగెట్టారు."

నేనేమో, మాస్టారు కూడా పరీక్షకి భయపడి పారిపోయారని చెప్పి ఇన్నేళ్లూ అందరినీ నవ్విస్తున్నాను.

ఆవిడ అప్పటికే వీడియో కాల్ కలిపేశారు. "నాన్నా, సైరన్ వాడు దొరికాడు!"

ఫోన్‌లో మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"మావాడు గేటు దగ్గర తాపీగా టీ తాగుతున్నాడ్రా," అన్నారాయన. "అప్పటికి ఏడాదిగా మాకు మాటల్లేవు. వాణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. ఆ రోజు నుంచే మళ్లీ మాట్లాడుకుంటున్నాం. అంతా నీ పుణ్యమే."

తిట్టి ఉంటే ఏదో ఒక జోకేసి తప్పించుకునేవాణ్ణి.